రిజర్వు చేసినంక వచ్చిన కాయితాలు

చిన్నోడు పడుకున్నడు. నా మనసు మాత్రం ఆ మెమో మీదనే ఉన్నది.

దేవరకొండ పక్క భూమి, మన పాత అప్పీలే. వాదనలు ముగిసి తీర్పుకు రిజర్వయినంక (తీర్పు తర్వాత చెప్తమని పక్కన పెట్టినంక) ఎదుటి పక్షం ‘అదనపు రాతపూర్వక వాదనలు’ అని ఒక మెమో దాఖలు చేసింది. వెనక రెండు పహాణీ (భూమి సాగు రికార్డు) నకళ్లు పిన్ను కొట్టి ఉన్నయి. కింది కోర్టుల అవి సాక్ష్యంగ మార్కే కాలే. మాకు కాపీ లేదు.

ఇయ్యాల ఆర్డరు వచ్చింది. అప్పీలు రీ-ఓపెన్. వాదనలు రికార్డులోకి తీసుకుంటరు, మాకు కాపీ, జవాబుకు గడువు. పహాణీలు మాత్రం వాపసు, కావాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 (అప్పీలుల అదనపు సాక్ష్యం) కింద ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసుకోవాలె.

అసలు ఆ వాదనలు ఎందుకు తీసుకోవాలె? 2002 సవరణతో ఆర్డర్ 18 రూల్ 2ల చేరిన 3ఎ ఉపనియమం స్పష్టంగనే ఉన్నది: నోటి వాదన ముగించకముందే, కోర్టు అనుమతిస్తే, వేరు వేరు శీర్షికల కింద క్లుప్తంగా ఇయ్యాలె. 3బి ప్రకారం అప్పుడే ఎదుటివాళ్లకు కాపీ. సెక్షన్ 107 వల్ల అప్పీలుకూ అదే పద్ధతి. మెమోను ఏకంగా కొట్టేస్తే సరిపోయేది.

అట్ల అనుకుంటుంటే ఒక ముసలాయన కేసు యాదికొచ్చింది. అక్కడ అప్పీలు కోర్టు ఇట్లనే పిన్ను కొట్టిన కాయితాన్ని చదివి, 27 పిటిషన్ లేకుండనే, కారణం రాయకుండనే తీర్పుల వాడుకున్నది, ముసలాయన గెలిచిండు. రూల్ 27(2) ప్రకారం కారణం రాయాల్సిందే. సెక్షన్ 100 కింద రెండో అప్పీలు హైకోర్టుకు పోయింది, ఆ తీర్పు పోయి మళ్ల వినమని కింది కోర్టుకు రిమాండు. ఈలోపల ఆయన పోయిండు. వారసులను 90 రోజుల్ల రికార్డు మీదికి తేలే, అప్పీలు అబేటయింది (రద్దయిపోయింది). దాన్ని తీసేయించుకునేందుకు ఇంకో 60 రోజులు, అది కూడ దాటితే ఆలస్య మాఫీ పిటిషన్ వేరే. ఒకసారి డిక్రీ గెలిచి కూడ ఆ కుటుంబం భూమిల నాగలి పెట్టలేకపోయింది.

అందుకే ఇప్పుడు ఆర్డరే సరైనదనిపిస్తున్నది. వాదన వేరు, సాక్ష్యం వేరు అని గీత గీసింది. మాకు జవాబు అవకాశమిచ్చింది. రేపు గెలిస్తే ఆ గెలుపును ఈ పాయింటు మీద పడగొట్టలేరు.

కాని 27 పిటిషన్ల తీరు చూస్తే ఒళ్లు మండుతది. ‘పొరపాటున దాఖలు చేయలేదు’ అని ఒక్క లైను! ఎంత శ్రద్ధ పెట్టినా అప్పుడు దొరకలేదని చూపాలె: నకలుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టిండ్రు, ఎప్పుడొచ్చింది. ఆ తేదీలే అఫిడవిట్ల ఉండవు. పిటిషన్‌ను అప్పీలు తుది విచారణతోపాటే వినాలని ఇబ్రహీం ఉద్దీన్ కేసుల (2012) సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ముందే తేల్చమని పట్టుబట్టుతరు.

మా జవాబుల మొదలు వాళ్ల మెమోల ఏడో పేరానే పట్టాలె. ప్రతికూల స్వాధీనం (ఏండ్ల తరబడి అనుభవంల ఉన్నం కాబట్టి భూమి మాదే అనే వాదన) అని కొత్తగ రాసిండ్రు. అది దావా జవాబుల లేదు, అప్పీలు మెమోరాండంల లేదు, ఆర్డర్ 41 రూల్ 2 కింద లీవ్ (కోర్టు అనుమతి) అడగలే.