మసి చెప్పిన అబద్ధం

మూడు రోజుల కొండదారి ప్రయాణానికి ముప్పయ్యేళ్లు దాటిన నా పాత మోటారు సైకిలునే తీసుకువెళ్లాలనుకున్నప్పుడు ఆయిలు మార్చాను, చైను బిగించాను, టైర్లలో గాలి చూసుకున్నాను గానీ బ్యాటరీ వోల్టేజీ మాత్రం కొలవలేదు. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకోవడంతో ఆ వైపు ఏ లోపమూ లేదనుకున్నాను.

మొదటి రోజు పగలంతా బండి హాయిగా నడిచింది. చీకటి పడి హెడ్‌లైటు వేసిన గంటకు ఇండికేటర్ నీరసంగా కొట్టుకోవడం మొదలైంది. ఆ తరువాత ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇంజన్ మిస్సింగ్ కొట్టసాగింది, అంటే మధ్యమధ్యలో తడబడసాగింది. పక్కకు ఆపి స్పార్క్ ప్లగ్గు విప్పితే మసి పట్టి నల్లగా ఉంది. నల్లటి ప్లగ్గంటే పెట్రోలు ఎక్కువ పోతోందని ఎవరైనా అంటారు; వెనక మరో బండిపై వస్తున్న మిత్రుడూ అదే అన్నాడు. నేనూ నమ్మి, టార్చి వెలుగులో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పి, పెట్రోలు వెళ్లే సన్నని పైలట్ జెట్ ఊది, లోపలి పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే ఫ్లోటు చూసి, తిరిగి బిగించేసరికి గంటన్నర గడిచింది. మిస్సింగ్ అలాగే ఉంది. హెడ్‌లైటు మసకబారడం కళ్లారా చూస్తూ కూడా ప్లగ్గు మాటే విన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్పార్క్ బలహీనమైతే పెట్రోలు పూర్తిగా కాలదు కనుక, కార్బురేటర్ సక్రమంగా ఉన్నా ప్లగ్గుకు అలాంటి మసే పడుతుంది.

హెడ్‌లైటు బల్బు సాకెట్ ఊడదీసి, మిత్రుడి బండి వెలుగులో ఎలాగో బసకు చేరాను. 55 వాట్ల ఆ బల్బు ఒక్కటే నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది; అది ఆగగానే మిస్సింగ్ కూడా కొంత తగ్గడంతో అనుమానం ఎటు మళ్లాలో తెలిసింది.

అక్కడ వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీశాను. ఇంజన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 11.8 వోల్టులు చూపించింది. నిండుగా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6 అయినా ఉండాలి. ఇంజన్ నడిపి ఎంత రేజ్ చేసినా అంకె 12 దగ్గరే వేలాడింది, బ్యాటరీ చార్జవుతుంటే రావలసిన 14 దరిదాపులకు పోలేదు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే కాయిల్ అయిన స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లను కనెక్టర్ దగ్గర విడదీసి, మీటరును ఏసీ వోల్టేజీకి తిప్పి రెండేసి చొప్పున కొలిస్తే మూడు జతల్లోనూ వోల్టేజీ సమానంగా, రేజ్‌తో పాటు పెరుగుతూ వచ్చింది. ఇంజన్ బాడీకి ఏ వైరూ షార్ట్ కాలేదు. కాయిల్ బాగున్నట్లే.

అప్పుడు చూశాను చేతిలోని కనెక్టర్‌ను. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, కరిగి, లోపలి పిన్నును కరుచుకుంది. పిన్ను వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, రెసిస్టెన్స్ పెరిగితే వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను మరింత వదులవుతుంది. పాత బండ్లలో ఈ కనెక్టర్ కాలిపోవడం మామూలే. దాన్ని కత్తిరించి పారేసి, వైర్ల కొసలు గీకి, మెలిపెట్టి, దేనికది విడిగా టేపు చుట్టాను. ఈ మూడింటిలో ఏ వైరును దేనికి కలిపినా తేడా రాదు, అలసిపోయిన రాత్రికి అదో ఊరట. మళ్లీ రేజ్ చేస్తే 14.1.

మర్నాడు మధ్యాహ్నం బండి మళ్లీ ఆగింది. అరగంట నడిచి ఆగిపోవడం, అయిదు నిమిషాలు నిలబెడితే స్టార్ట్ కావడం. ఈసారి ముందు మీటరే పెట్టాను, 13.9 చూపించడంతో వైర్ల జోలికి పోలేదు. ట్యాంకు మూత తిప్పగానే గాలి బుస్సున లోపలికి పోయింది. మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయి, లోపల వాక్యూమ్ ఏర్పడి, పెట్రోలు కిందికి దిగడం లేదన్నమాట. సంచిలో రాత్రి కత్తిరించిన కనెక్టర్ ఇంకా ఉంది. దాని వైరులోంచి ఒక రాగి పోగు లాగి, ఆ రంధ్రంలో దూర్చి తిప్పాను.