గట్టు మీద మనిషికి ఒక సంతకం

రాజమహేంద్రవరంలో పుష్కరాల రేవు మెట్ల మీద, గోదావరి స్టేషన్ చుట్టుపక్కల అరుగుల మీద రాత్రిళ్లు తలదాచుకునేవారిలో ఒంట్లో సత్తువ, పని చేయాలన్న తపన రెండూ ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. ఇటు కడియం నర్సరీల్లోనూ, అటు భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలోనూ పనికి మనుషులు కావాలి. అయితే రోజుకూలీ దాటి నెలజీతం మాట వచ్చేసరికి యజమాని మొదట అడిగేది ఆధార్ కార్డే. పీఎఫ్ ఖాతాకైనా, అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ నమోదుకైనా అది లేనిదే పని జరగదు. ఈ కార్డులు ఇప్పించే పనిలో మిత్రులతో కలిసి తిరుగుతున్న నాకు అర్థమైంది ఒకటే: ఇల్లు లేనివారికి చట్టం తలుపు మూయలేదు, వారి తరఫున సంతకం చేసే మనిషే దొరకడం లేదు.

ఆధార్ చట్టం 2016లోని 5వ సెక్షన్, శాశ్వత నివాసం లేనివారికి కూడా ఆధార్ సంఖ్య ఇచ్చేందుకు ప్రత్యేక చర్యలు తీసుకోవాలని స్పష్టంగా చెబుతోంది. చిరునామా పత్రం లేనివారి కోసం, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ ఒక ధ్రువపత్రం నమూనా కూడా ఇచ్చింది. దాని మీద గెజిటెడ్ అధికారి గానీ, శాసనసభ్యుడు గానీ, కౌన్సిలర్ గానీ, గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం పర్యవేక్షకుడు గానీ సంతకం చేయవచ్చు. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి సంతకం అయిన వెంటనే నమోదు కేంద్రానికి వెళ్లాలి. పద్దెనిమిదేళ్లు దాటినవారి తొలి నమోదును రాష్ట్ర ప్రభుత్వం కూడా పరిశీలిస్తుంది గనుక కార్డు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చని ముందే చెప్పడం మంచిది. లేకపోతే ఆశపడి, విసిగిపోయి, ఊరు వదిలి వెళ్లిపోతారు.

కొత్త నమోదుకు తొందరపడే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "కార్డు ఉందా?" అంటే లేదనే అంటారు. "ఎప్పుడైనా వేలిముద్రలు వేసి, కళ్లు ఫొటో తీయించుకున్నారా?" అని అడిగితే, "ఆయ్, మా ఊళ్లో తీశారండి, సంచీతో పాటు రైల్లో పోయింది" అనే జవాబు వస్తుంది. అలాంటివారిని మళ్లీ కొత్తగా నమోదు చేయిస్తే పాత వేలిముద్రలతో సరిపోలి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. వారికి కావలసింది పాత సంఖ్య వెతికించడం, మొబైల్ నంబరు జోడించడం. మొబైల్ నంబరు చేర్చడానికి ఏ పత్రమూ అక్కర్లేదు.

కోనసీమలో ఏళ్ల తరబడి కొబ్బరి ఒలుపు పని చేసిన ఒక పెద్దాయన వేళ్లు యంత్రం మీద పెట్టినప్పుడు గీతలే రాలేదు. ఆపరేటర్ తడిగుడ్డతో తుడిపించి, ఒక్కో వేలినీ గట్టిగా నొక్కిపట్టినా తెర మీద మసక మచ్చలే కనిపించాయి. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, ఏదో తప్పు చేసినవాడిలా, "అరిగిపోయాయి బాబూ" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. కంటిపాప స్కానుతో ఆయన పని పూర్తయింది. వేళ్లూ కళ్లూ రెండూ సహకరించకపోయినా మినహాయింపు కింద నమోదు చేసే ఏర్పాటు ఉంది, కాబట్టి కేంద్రంలో కాదంటే వెనుదిరగకుండా ఆ మాట గట్టిగా అడగాలి.

ఓటరు కార్డు మరో దారి. ఇల్లు లేని వ్యక్తి, కొత్త ఓటరుగా చేరేందుకు నింపే ఫారం 6లో తాను పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. బీఎల్ఓ (పోలింగ్ బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడని నిర్ధారించుకుంటే వేరే చిరునామా రుజువు అవసరం లేదు. ఆ రాత్రుల్లో మనిషి చోటు మారకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం మనదే. ఆ కార్డు వచ్చాక ఆధార్‌కు అదే రుజువుగా పనికొస్తుంది.

చదువుతున్నవారిలో గెజిటెడ్ హోదా గలవారు ఉంటే, మీరు నింపవలసింది ఒక్క పేజీ మాత్రమే. ఎవరో తెలియని మనిషికి ముద్ర వేయడానికి జంకడం సహజం, ఆ జంకును నేను తప్పుపట్టను. ముందు ఒక సాయంత్రం రేవుకు రండి, ఆయనతో కూర్చుని మాట్లాడండి, పక్కన టీ బండివారినీ గుడి దగ్గరివారినీ విచారించండి. ఆయన ఎవరో మీకే నమ్మకం కుదిరాక సంతకం చేయండి.