పుల్ల ఐస్ ఇంట్లో కుదిరేదాకా

మార్చి నెలాఖరులో ఒక రాత్రి మా పాప దవడ పట్టుకుని ఏడుస్తూ లేచింది. దానికి ఆరేళ్లు. మర్నాడు పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే కింది వరసలో రెండు పాలపళ్లు పుచ్చాయన్నారు. ఒకదానికి ఆ రోజే సిమెంటు పెట్టారు, రెండోదానికి వారం తర్వాత రమ్మన్నారు. "సాయంత్రం పూట ఏం తింటుందమ్మా?" అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఐదింటికి మా వీధిలోకి ఐస్ బండి వస్తుంది. గంట వినపడగానే పాప చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరిగెడుతుంది, దాని వెనకాలే నాలుగేళ్ల మా చిన్నోడు. ఎండలు మొదలైన దగ్గర్నుంచి రోజుకొకటి, ఒక్కోసారి రెండు.

ఐస్ పూర్తిగా మాన్పించమని ఆవిడ అనలేదు. తీపి ఎంత తిన్నారన్నదానికంటే రోజులో ఎన్నిసార్లు పళ్లకి తగిలిందన్నది ముఖ్యమన్నారు. ఇవ్వాలనుకుంటే అన్నం తిన్న వెంటనే ఒకటి ఇచ్చి, తర్వాత నీళ్లతో పుక్కిలించమనమన్నారు. "పంచదార బదులు బెల్లం వేస్తే?" అని అడిగాను. పళ్ల విషయంలో పంచదారైనా, బెల్లమైనా, తేనైనా ఒకటేనన్నారు. బెల్లం అంటే ఆరోగ్యం అని నమ్ముతూ వచ్చిన నాకు ఆ మాట చాలాసేపు మనసులో తిరిగింది.

విజయవాడ ఎండల్లో పిల్లలకి చల్లటిది ఏదీ పెట్టకుండా వేసవి గడపడం నావల్ల కాదు. అందుకని నేనే చేద్దామనుకున్నాను. పళ్ల సంగతి ఒక్కటే కాదు, బయటి ఐస్‌లో వాడే నీళ్లు ఎలాంటివో అన్న భయం కూడా ఉంది. ఫ్రీజర్లో పెడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు. చాలావరకు కదలకుండా ఉండిపోయి, కరిగాక మళ్లీ లేస్తాయి. అందుకే ఇంట్లో చేసేటప్పుడు కూడా నీళ్లు, పాలు కాచి చల్లార్చే వాడుతున్నాను.

ముందు ఒకసారి షాపుకెళ్లి డబ్బాలు తిప్పి చదివాను. చాలావాటి మీద చిన్న అక్షరాల్లో "ఫ్రోజెన్ డెజర్ట్" అని ఉంది. మన దేశపు నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పాలకొవ్వు బదులు వంటనూనెల కొవ్వు వాడితే దాన్ని ఐస్‌క్రీమ్ అని అమ్మకూడదు. ఇన్నేళ్లుగా ఆ రెండు మాటల తేడా నేను చూడలేదు.

మొదట పుచ్చకాయతో మొదలుపెట్టాను. గింజలు తీసి, మిక్సీ పట్టి, వడగట్టి, చెంచా పంచదార కూడా వెయ్యకుండా ప్లాస్టిక్ అచ్చుల్లో పోశాను. మర్నాడు తీస్తే గులాబీ రంగులో ముద్దొస్తున్నాయి. పాప కొరకబోతే పన్ను దిగలేదు. చప్పరించింది. రెండు నిమిషాల్లో రంగంతా దాని నోట్లోకి పోయి పుల్లకి తెల్లటి మంచుగడ్డ మిగిలింది. "అమ్మా, ఇందులో ఏం లేదు" అని నా చేతికిచ్చేసింది. ఆ సాయంత్రం గంట వినపడితే ఇద్దరూ నా మొహంలోకి చూశారు. డబ్బులిచ్చి పంపాను.

మా పిన్ని కూతురు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివింది. రాత్రి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉత్త నీళ్లే ముందు గడ్డకడతాయక్కా. తీపీ రంగూ ఆ మంచు పలుకుల మధ్య చిక్కటి పాకంలా మిగిలిపోతాయి. చప్పరిస్తే ఆ పాకమే ముందు వచ్చేస్తుంది" అంది. బయట అంత పంచదార వేసేది రుచికోసం మాత్రమే కాదట. పంచదార కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా చల్లబడాలి. ఫ్రీజర్ మైనస్ 18లో ఉన్నా అందులో కొంత గడ్డకట్టకుండా మిగులుతుంది, అందుకే పన్ను దిగుతుంది. "నువ్వు పంచదార తీసేశావు సరే, దాని బదులు ఏం పెట్టావు?" అని అడిగింది. ఏమీ పెట్టలేదు. మెత్తదనం గుజ్జు వల్ల రావచ్చు, పాల వెన్న వల్ల రావచ్చు, గంజి వల్ల కూడా రావచ్చని చెప్పింది. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి, అచ్చులో పోసేముందు రుచి చూస్తే కావలసినదానికంటే ఒక పిసరు ఎక్కువ తీపిగా ఉండాలంది. ఆ వేసవంతా నన్ను నడిపించింది ఈ ఫోనే.

ఏప్రిల్ మధ్యకి బంగినపల్లి వచ్చింది. బాగా పండిన కాయలు రెండు కోసి గుజ్జు తీస్తే రెండు కప్పులైంది. ముందురోజు రాత్రి కమ్మటి పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీశాను. నీరంతా దిగి గట్టిపడిన ఆ పెరుగు ఒక కప్పు, చిటికెడు ఉప్పు, గుజ్జుతో కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పాను. పంచదార వెయ్యలేదు, వడగట్టలేదు. ఇది మెత్తగా, చక్కగా గడ్డకట్టింది. పన్ను దిగింది. తర్వాత నూజివీడు రసాలతో చేస్తే ఇంకా రుచిగా వచ్చింది గానీ, రసాల్లో పీచు ఉంటుంది కాబట్టి ఆ గుజ్జును జల్లెడలో వేసి గరిటెతో రుద్దాలి.

అయితే రెండో విడత మామిడి ఐస్ పాప మొదటిసారి కొరకగానే ఉమ్మేసింది. నేను రుచి చూశాను. చేపల వాసన! ఆదివారం తెచ్చిన చేపలు కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టి ఉన్నాయి, పైన మూతల్లేని అచ్చులు. పాలూ పెరుగూ పక్కనున్న వాసనని ఇట్టే పట్టేస్తాయి. అంత మామిడి పండు పారబొయ్యడానికి చెయ్యి రాకపోయినా ఎనిమిదీ పారబోశాను. ఆ రోజు నుంచి చేపలూ మాంసం గట్టి మూత ఉన్న డబ్బాలో కింద, ఐసులు ఇంకో మూత డబ్బాలో పైన.

ఇక పాల ఐస్. దీనిమీద నాకు ఆశ ఎక్కువ. లీటరు పాలు మరిగించి, పొయ్యి మీదుండగానే తరిగిన బెల్లం వేశాను. చూస్తుండగానే విరిగిపోయాయి. మా అత్తయ్యగారు వెనకనుంచి చూసి, "పరమాన్నంలో బెల్లం ఎప్పుడేస్తామమ్మాయ్? దింపి, చల్లారాకే కదా" అన్నారు. నాకు తెలిసిన సంగతే, ఐస్ అనేసరికి తట్టలేదు. విరిగిన పాలతో ఆవిడ కోవాలాంటిది చేసి పిల్లలకి పెట్టారు. పెడుతూ, తన చిన్నప్పుడు ఊళ్లో చెక్కపెట్టెలో వచ్చే సేమ్యా ఐస్ గురించి చెప్పారు. పెట్టెలో ఐసు ముక్కలూ కల్లుప్పూ కలిపి పోసేవారట. ఉప్పు కలిసిన ఐసు సున్నా కంటే బాగా కిందికి చల్లబడుతుంది, అందుకే కరెంటు లేకుండా సాయంత్రందాకా ఐసులు నిలిచేవి. "కొసన సేమ్యా ఉండేదమ్మాయ్. అదొక్కటీ చివర్లో తిందామని పైనుంచి నాకేవాళ్లం, అదేమో ముందే విరిగి కింద పడేది."

సేమ్యాలో ఉండేది పిండే కదా, మా చెల్లి చెప్పిన గంజి అదే కదా అని అప్పుడు వెలిగింది. మర్నాడు నేనూ అత్తయ్యగారూ కూర్చుని చేశాం. వెన్న తియ్యని పాలు, అంటే 6 శాతం వెన్న ఉండే ప్యాకెట్టు, ఒక లీటరు. అడుగంటకుండా కలుపుతూ ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించాం. సన్నసేమ్యా ఒక గుప్పెడు నెయ్యి లేకుండా దోరగా వేయించి, నలిపి అందులో వేసి, బాగా మెత్తబడేదాకా ఉడికించాం. సేమ్యా ఉడికేకొద్దీ పాలు గరిటెకి పట్టేంత చిక్కబడ్డాయి. దింపి పూర్తిగా చల్లారాక, గింజలు తీసి నానబెట్టిన ఖర్జూరాలు ఎనిమిది ముద్దచేసి కలిపాను. అది సరిపోలేదు, రెండు చెంచాల పంచదార వేశాను. యాలకుల పొడి ఒక చిటికెడు. లీటరు పాలకి రెండు చెంచాలే గానీ, వెయ్యలేదని చెప్పలేను. ఖర్జూరంలో ఉన్నదీ తీపే.

ప్లాస్టిక్ అచ్చులు చాలక చిన్న స్టీలు గ్లాసులు వాడాను. పుల్ల ముందే గుచ్చితే పక్కకి వాలిపోతుంది. గంటన్నర ఫ్రీజర్లో ఉంచి, పైన కాస్త గట్టిపడ్డాక గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. గ్లాసుల్ని వెనక గోడకి ఆనించి పెట్టి, ఆ పూట తలుపు తియ్యకపోతే త్వరగా గడ్డకడతాయి. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా వస్తాయి, నాలుకకి ఇసకలా తగలవు. మే నెలలో కరెంటు రెండు గంటలు పోయిన రోజు సగం కరిగి మళ్లీ గడ్డకట్టినవి గరగరలాడాయి. పిల్లల కడుపు సంగతి, అవి ఇవ్వకుండా పారేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్లాసుని పది క్షణాలు నీళ్లలో ముంచి పుల్ల పట్టి తిప్పితే జారి వచ్చింది. సేమ్యా అంతా అడుక్కి దిగి, ఐస్ తిరగేసేసరికి కొసన చేరింది. బాగా కలవలేదే అని నేను బాధపడుతుంటే, "అలాగే ఉండాలి" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మొదటి ఐస్ అందుకుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా చివరిదాకా తిన్నారు. పిల్లలిద్దరూ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని తిన్నారు. పాప ఇంకోటి అడిగింది. రేపు అన్నాను. ఏడవలేదు.

మిగతా ప్రయోగాలన్నీ చెప్పను. అరటిపండు చక్రాలుగా కోసి గడ్డకట్టించి మిక్సీ వేస్తే పాలు లేకుండానే వెన్నలా వస్తుంది. కానీ రాయిలా ఉన్నప్పుడు వేస్తే మిక్సీ ఆగిపోతుంది, పది నిమిషాలు బయట ఉంచాలి. పచ్చి అనాసపండు పాలతో కలిపితే చేదెక్కింది, ముందు ఉడికిస్తే ఆ చేదు రాలేదు. చిన్నపిల్లల తల్లులకి రెండు మాటలు మాత్రం తప్పక చెప్తాను. ద్రాక్షపండు గడ్డకట్టించి గుండ్రంగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది, నిలువుగా చీల్చండి. ఏడాది నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ వద్దు.

బండి గంట ఇప్పటికీ ఐదింటికి వినపడుతుంది. పూర్తిగా మాన్పించలేదు, ఆదివారం ఒకటి కొనుక్కుంటారు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంట్లోది ఒకటి, తర్వాత పుక్కిలింత. జూన్ మొదటి వారంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే కొత్తగా ఏమీ పుచ్చలేదన్నారు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

మామిడికాయలు అయిపోయాయి. నిన్న రైతుబజారులో నేరేడుపళ్లు అరకిలో తెచ్చాను. గింజలు తీసేసరికి గుజ్జు ఒక కప్పే వచ్చింది, వగరుగా ఉంది. సగం అరటిపండు, చిటికెడు ఉప్పు కలిపి నాలుగు గ్లాసుల్లో పోశాను. పొద్దున్నుంచి చిన్నోడు మూడుసార్లు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి వచ్చాడు. నాలుగు గ్లాసులే ఉన్నాయి, మేము ఐదుగురం. నాది వాళ్ల నాన్నతో పంచుకుంటానని చెప్పాను.