కింగ్ సీమ్‌లో దొరికిన ఆకు

విశాఖలో జియాలజీ మొదటి ఏడాదిలో ఒకరోజు మా మాస్టారు గోదావరి లోయ బొగ్గు పాఠం మొదలుపెట్టారు. 1871లో మా ఊరు ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ అనీ, అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకి, అంటే సీమ్‌కి, ఆయన పేరే పెట్టారనీ చెప్పారు. నేను ఆగలేక లేచి, "మా నాన్న కింగ్ సీమ్‌లోనే పనిచేస్తాడండీ" అన్నాను. కింగ్ అంటే రాజు అనే అప్పటిదాకా మా ఇంట్లో అందరం అనుకున్నాం.

మా వైపు గనిని బాయి అంటారు. నాన్న తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు నింపేవాడు. మస్టర్లు, అంటే హాజరు, సరిగ్గా పడితేనే విశాఖ హాస్టల్‌కి మనియార్డరు వచ్చేది. నా మెస్ బిల్లు కోసం జ్వరంతో కూడా బాయి దిగాడని చాలా ఏళ్ళకి అమ్మ చెప్పింది.

1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో మా దగ్గర తవ్వకం మొదలుపెట్టింది. డోర్నకల్ నుంచి రైలు పట్టాలు పడింది బొగ్గు కోసమే. క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, అంగళ్ళు దాని వెంటే వచ్చాయి. 1920లో పెట్టిన కంపెనీకి సింగరేణి అని మా పక్క ఊరి పేరే దక్కింది. తర్వాత పెద్దాఫీసు కొత్తగూడెంలో స్థిరపడింది.

భూగర్భ బాయిలు ఒక్కొక్కటీ మూతపడుతుంటే మా లైన్లోవాళ్ళు మణుగూరుకీ, భూపాలపల్లికీ, రామగుండానికీ బదిలీ అయ్యారు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఇంకో రెండు ఇళ్ళకి తాళాలుండేవి. ఊరు ఖాళీ అయిపోతుందని భయపడ్డాను. కాలేదు. చుట్టుపక్కల గూడేలకీ తండాలకీ మందైనా, పత్తి అమ్మకమైనా, పిల్లల చదువైనా ఇప్పటికీ ఇల్లందే. బొగ్గు కోసం పుట్టిన ఊరు అడివి పల్లెలకి ఆసరా అయింది. నాకు అదే అసలైన ఎదుగుదల.

ఒక దసరాకి నాన్న తువ్వాలులో చుట్టి ఒక రాతిపలక ఇచ్చాడు. బాయిలో దొరికిందట, దాని మీద ఆకు అచ్చు. విశాఖ తెచ్చి చూపిస్తే మాస్టారు చేతుల్లోకి తీసుకుని, గ్లోసోప్టెరిస్ అన్నారు. ఇరవై అయిదు కోట్ల ఏళ్ళు దాటిన చెట్టు. అలాంటి చెట్లే బొగ్గయ్యాయని సంక్రాంతికి వెళ్ళి చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే ఇన్నేళ్ళూ నేను అడివినే తవ్వుతున్నానారా?" అన్నాడు.

ఆ పలకని డిపార్టుమెంటుకే ఇచ్చి వచ్చాను. చీటీ మీద ఊరి పేరే రాశాను, నాన్న పేరు రాయాలని తోచలేదు. ఇప్పుడక్కడ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అది ఏ బీరువాలోనైనా కనిపిస్తే నాకు కబురు పెట్టండి. వచ్చి రాస్తాను.