గడ్డ ఒక్కటే తీస్తారా, అండాశయం కూడానా?

మా 9 ఏళ్ల పాపకు పొత్తికడుపులో కుడివైపు నొప్పి వచ్చేది, వాంతులయ్యేవి, గంటలో తగ్గిపోయేది. మూడోసారి అపెండిక్స్ అనుకుని స్కానింగ్‌కి పంపారు. అపెండిక్స్ బాగానే ఉంది. కుడి అండాశయంలో 7 సెంటీమీటర్ల గడ్డ ఉంది.

పిల్లలకు ఈ స్కానింగ్ పొట్ట మీది నుంచే చేస్తారు. మూత్రాశయం నిండుగా ఉండాలి, లేకపోతే పేగుల్లోని గాలి అడ్డొస్తుంది. వాంతుల వల్ల పాప నీళ్లు తాగలేక మొదటి స్కానింగ్ వృథా అయింది.

గడ్డలో కొవ్వు, సున్నపు చుక్కలు కనిపించడంతో డెర్మాయిడ్ (సాధారణంగా కేన్సర్ కాని గడ్డ) అన్నారు. బీజకణాల (అండాలుగా మారే కణాల) నుంచి పెరుగుతుంది కాబట్టి వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. కేన్సర్ గడ్డ కాదని రూఢి చేసుకోవడానికి ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ (కొన్ని కేన్సర్ గడ్డలు రక్తంలోకి వదిలే పదార్థాలు) రక్తపరీక్షలు చేశారు. రెండూ మామూలుగానే వచ్చాయి. (ఏడాదిలోపు పసిపిల్లల్లో ఏఎఫ్‌పీ సహజంగానే ఎక్కువ, ఆ అంకె చూసి హడలిపోకూడదు.)

అసలు భయం మెలితో. గడ్డ బరువుకు అండాశయం తన కాడ చుట్టూ తిరిగిపోతుంది, కాస్త విప్పుకుంటే నొప్పి పోతుంది. వచ్చిపోయే నొప్పిని తేలిగ్గా తీసుకోకూడనిది అందుకే. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కానింగ్) రక్తం పారుతున్నట్టు కనిపించినా మెలి లేదని తేల్చేయలేం, అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది.

సమ్మతి పత్రంలో ‘కుడి అండాశయం తొలగింపు’ అని అచ్చువేసి ఉంది. సంతకం ఆపి అడిగాం: గడ్డ ఒక్కటే వలిచి తీయలేరా? మెలిపడి అండాశయం నల్లబడి కనిపిస్తే ఏం చేస్తారు? ఒకప్పుడు నల్లబడితే తీసేసేవారట, ఇప్పుడు మెలి విప్పి ఉంచేస్తారు, చాలావరకు తేరుకుంటుంది. సర్జన్ పత్రంలో అచ్చువేసిన మాట కొట్టేసి ‘గడ్డ తొలగింపు, అండాశయం వీలైనంత కాపాడటం’ అని పెన్నుతో రాశారు.

లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల నుంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అండాశయం సగం చుట్టు తిరిగి, వాచి ఉంది. మెలి విప్పి, గడ్డను వలిచి, సంచీలో వేసి బయటికి తీశారు. అంచున కొంచెం చిట్లింది. గడ్డలోని జిడ్డు పొట్టలోనే ఉండిపోతే పొట్టలోని పొర రేగి వాస్తుంది, అందుకని గోరువెచ్చని సెలైన్‌తో పదేపదే కడిగారు.

ఆ రాత్రి పాప కుడి భుజం నొప్పి అని ఏడ్చింది. పొట్టకు కోస్తే భుజమేంటని కంగారుపడ్డాం. పొట్టలో నింపిన గ్యాస్ డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) రేపుతుంది, దాని నరం మెడ నుంచి వస్తుంది, అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు రోజుల్లో పోయింది. పాప బరువు 27 కిలోలు, కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ 400 మిల్లీగ్రాములు 6 గంటలకోసారి వేశాం, రోజుకు 4 సార్లు మించకుండా. కుట్లకన్నా మలబద్ధకమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

బయాప్సీలో అపరిపక్వ కణాలు (కేన్సర్ ముప్పును సూచించేవి) లేవు. రెండోవైపు కూడా గడ్డ రావచ్చు కాబట్టి స్కానింగులు కొనసాగుతున్నాయి. ఆరో నెలలో కుడి అండాశయం ఎడమదానికన్నా కాస్త చిన్నగా, లోపల చిన్నచిన్న ఫాలికిల్స్‌తో (అండాలు పెరిగే సంచులు) కనిపించింది.