గ్రేస్ ఎవరు?

మొన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. కాళ్ళ వాపు ఇంకా తీయలేదు. పరిశుద్ధ దేశ యాత్ర ఎలా జరిగిందని చర్చిలో అందరూ అడుగుతున్నారు. బాగా జరిగింది, ఒక్క మూడున్నర గంటలు తప్ప.

డబ్బు కట్టడం, వీసా, విమానం అన్నీ సాఫీగానే అయిపోయాయి. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో దిగి మర్నాడు నెబో కొండెక్కాం. మోషే కనానును కళ్ళారా చూసి, అందులో అడుగు పెట్టకుండానే కన్నుమూసిన చోటు. "మోషేకి దక్కని భాగ్యం రేపు మనకి దక్కుతుంది" అన్నారు మమ్మల్ని తీసుకెళ్ళిన పాస్టరు అయ్యగారు.

తెల్లారి ఇశ్రాయేలు సరిహద్దు దగ్గర 42 మందిమి లైన్లో నిలబడ్డాం. నా పాస్‌పోర్టులో ఉన్నది బడిలో రాయించిన పేరు, మా ఊరి అమ్మవారి పేరు. సంఘంలో నా పేరు గ్రేస్. ఒకే మనిషికి రెండు పేర్లెందుకో మన క్రైస్తవులకి వేరే చెప్పక్కర్లేదు, కులం సర్టిఫికెట్ ఉన్న ప్రతి ఇంటి కథే అది. కౌంటర్లో కూర్చున్న పిల్లకి ఆ కథ ఎలా తెలుస్తుంది? అయ్యగారు తన చేత్తో తయారుచేసిన గ్రూపు లిస్టులో మాత్రం నన్ను 'గ్రేస్' అని టైపు చేశారు. పాస్‌పోర్టు జిరాక్సు ఆయన దగ్గరే ఉంది!

"ఈ గ్రేస్ ఎవరు?"

"నేనే."

"మరి ఈవిడ?"

"అదీ నేనే."

నాన్న పేరు అడిగింది. తాత పేరు అడిగింది. ఉద్యోగం అడిగింది. స్టాఫ్ నర్సునన్నాను. బస్సులోనే అయ్యగారు "గృహిణి అని చెప్పండి సిస్టర్" అని చెవిలో ఊదారు. అబద్ధమాడి ఆ దేశంలో అడుగుపెట్టడమేమిటని నేనే నిజం చెప్పాను. నీతి కోసమే కాదు, ఇరవై రెండేళ్ళ సర్వీసుని దాచుకోవడం ఇష్టంలేక కూడా. మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు అక్కడ ముసలివాళ్ళని చూసుకునే పనుల్లో ఉన్నారు కదా, యాత్ర పేరు చెప్పి నేనూ ఆగిపోతానని వాళ్ళ అనుమానం. పక్కన కుర్చీ చూపించారు.

తర్వాత బ్యాగు విప్పమన్నారు. నైటీలు, బీపీ మాత్రలు, నాలుగు చుట్లు టేపేసిన ఆవకాయ సీసా, అన్నీ బల్ల మీద పరిచారు. అడుగున ఆరు ఖాళీ సీసాలు. "ఖాళీవి ఎందుకు?" అంది. యొర్దాను నది నీళ్ళకి అన్నాను. "అక్కడ అమ్ముతారుగా?" అంది. మా వీధిలో ఆరుగురికి మాటిచ్చానని, కొన్నవి వేరు, నా చేత్తో ముంచి తెచ్చినవి వేరు అని ఏ ఇంగ్లీషులో చెప్పను? ఆ పిల్ల ఒక్కో సీసా మూత తీసి వాసన చూసింది. మా ఆస్పత్రికి ట్రైనింగుకొచ్చే పిల్లల వయసు. నా లైన్లో ఉన్నవాళ్ళంతా చూస్తూ దాటిపోయారు. ఏడుపు రాలేదు, చెవులు మాత్రం కాలిపోయాయి. మోషే కనీసం కొండ మీద ఉన్నాడు, నేను ప్లాస్టిక్ కుర్చీలో.

చివరికి ఎవరో పెద్దాయన వచ్చి వీసా కాగితం, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి చూసి, నీలం చీటీ చేతిలో పెట్టాడు. వాళ్ళు పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యరు, ఆ చీటీయే ఆధారం, పారేసుకోకండి. బస్సెక్కితే అయ్యగారి మొదటి మాట: "మీ వల్ల యెరికో ప్రోగ్రాం పోయింది సిస్టర్." ఇంతమందిని తెస్తే ఆయనకి టిక్కెట్టు ఫ్రీ అని తర్వాత తెలిసింది. ఫ్రీగా వచ్చిన మనిషి లిస్టన్నా సరిగ్గా చూసుకోవద్దూ? వెళ్ళేవాళ్ళు ఎవరి మాటా నమ్మకండి, లిస్టు మీరే అడిగి తీసుకుని ఒక్కో అక్షరం చూసుకోండి.

మిగతాదంతా ఆనందమే. బేత్లెహేము గుడి వాకిలి నాలుగడుగులే, అయ్యగారు కూడా వంగాల్సి వచ్చింది. ఒలీవల కొండ మీద పరలోక ప్రార్థన గుడి గోడల నిండా వందకి పైగా భాషల పలకలు. తెలుగు పలక దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మృత సముద్రంలో తేలాం, మోకాలి గీతలు భగ్గుమన్నాయి.

గలిలయ సముద్రం దాటి యొర్దాను దగ్గర మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఆరు సీసాలూ ముంచి మూతలు బిగించాను. వెనకనుంచి అయ్యగారు, "సిస్టర్, నేను సీసా తేవడం మర్చిపోయాను, ఒకటి సర్దుతారా?" అన్నారు.

"ఆరూ లెక్కేనండీ. ఎవరికివ్వాలో లిస్టు రాసుకొచ్చాను" అన్నాను.