మటన్ స్ట్రీట్‌లో ఎడ్డీ పోలో

పెళ్ళి సంగతి వదిలేస్తాను. కల్యాణ్‌లో భోజనాలయ్యాక, హైదరాబాదు వెళ్ళే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి రాత్రిదాకా టైముంది. ముంబయి గ్రాంట్ రోడ్‌లో లోకల్ దిగి, పాత సామాన్లమ్మే చోర్ బజార్‌కి, అందులోని మటన్ స్ట్రీట్‌కి నడిచాను.

మొదటి కొట్టులో ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ పోస్టరు. 1924 నాటి అసలుదేనట, ఎనిమిది వేలట! భూతద్దం తీసి హీరో ఫెయిర్‌బ్యాంక్స్ బుగ్గ మీద పెట్టాను. నీలం, ఎరుపు, పసుపు చుక్కలు ముగ్గు పెట్టినట్టు వరసగా ఉన్నాయి. ఆఫ్‌సెట్ ప్రింటు. పాత రాతి అచ్చయితే ఇసుక చల్లినట్టుంటుంది. ఒళ్ళు మండిపోయింది. కొత్త ప్రింటని చెప్పి రెండొందలకి ఇస్తే సంతోషంగా కొనుక్కునేవాణ్ణి.

నాలుగు కొట్లు దాటాక గ్రామఫోన్ల మధ్య ఒక ముసలాయన. “ఏం కావాలి బేటా?”

“మూకీలవి చాచా. ఫైటింగ్ సినిమాలవి.”

చెప్పుల డబ్బా ఒకటి ముందుకి తోశాడు. నిండా పోస్టుకార్డులు. తిరగేస్తుంటే ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. అడుగున సన్నటి అక్షరాలు: ఎడ్డీ పోలో.

అమెరికా మూకీ సీరియళ్ళ హీరో. మా తాతయ్య ఆ పేరు ఒకే మాటగా అనేవాడు, ‘ఎడ్డిపోలో’ అని. 1921లో బెజవాడలో కట్టిన మారుతీ హాల్లో నేల టికెట్టు మీద చూసేవాడట. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడగానే ఒకాయన లేచి తెలుగులో గట్టిగా చెప్పేవాడట. హీరో ఎక్కడో వేలాడుతుండగా ఆ రోజుకి ఆపేస్తే, మర్నాటి నుంచి వీధిలో పిల్లలంతా వేపకొమ్మలకి వేలాడటమే. ఎనభై ఏళ్ళప్పుడు కూడా ఈ కథ చెబుతూ రెండు పిడికిళ్ళూ పైకెత్తేవాడు. పోలో సర్కస్ నుంచి వచ్చినవాడు, ట్రపీజు ఆడినవాడు. ఆ దూకుళ్ళు పిల్లల్ని అంతగా పట్టేశాయంటే పట్టవూ మరి!

ఆ సీరియళ్ళు తీసిన హాలీవుడ్ కంపెనీ యూనివర్సల్, 1948లో తన మూకీల్ని తానే నాశనం చేసింది. మన దేశంలోనూ 1,300 పైచిలుకు మూకీలు తీస్తే మిగిలినవి బహు కొద్ది. కొన్ని తగలబడ్డాయి, కొన్నిటిని ఫిల్మ్‌లో ఉండే వెండి కోసం కరిగించారు. అందుకే ఇలాంటి అట్టముక్క కోసం ఇంత తిరుగుతాను.

భూతద్దం పెట్టాను. ఒక్క చుక్క లేదు. దవడ కింది నీడ మెడదాకా నున్నగా జారింది. అసలు ఫొటో! మూలన ‘రాస్’ అని ఉంది, బెర్లిన్ కార్డుల కంపెనీ పేరు. తర్వాతి రోజుల్లో పోలో జర్మనీ వెళ్ళి అక్కడా సినిమాలు చేశాడు.

పదిహేనొందలన్నాడు. ఎక్కువే. తాతయ్య కథంతా చెప్పాను. తొమ్మిదొందలకి ఇచ్చి, వంగిపోతుందని పాత రికార్డు కవరు కత్తిరించి, మధ్యలో కార్డు పెట్టి దారం కట్టాడు.

బండి దాదర్ దాటగానే దారం విప్పాను. ఎదురు బెర్తు కుర్రాడు తొంగి చూసి “ఎవరంకుల్ ఈయన?” అన్నాడు.

“ఎడ్డిపోలో” అన్నాను, ఒకే మాటగా.